పందికొక్కు ఇంగ్లీషులోకి ఎలా వెళ్లింది?



మన తరగతుల్లో ఒక ప్రశ్న దాదాపు ప్రతి ఏడూ వస్తుంది. బస్సు, పెన్ను, ఫోను, ఫ్రిజ్జు అని మనమే మాట్లాడుతూ ఉంటే వింటున్న పిల్లలు అడుగుతారు: "మనం ఇన్ని ఇంగ్లీషు మాటలు వాడుతున్నాం కదా, ఇంగ్లీషు వాళ్లు మన మాటలు ఏమైనా తీసుకున్నారా?" అడిగేది చిన్న ప్రశ్నే, కానీ దాని వెనకాల ఇంకో ప్రశ్న ఉంటుంది. ఈ భాష నేర్చుకుంటే ఎవరికి లెక్క? ఆదివారం పొద్దున్న స్నేహితులందరూ సాకర్ ఆడుకుంటుంటే నేను ఇక్కడ గుణింతాలు ఎందుకు రాయాలి?

మొదటిసారి ఈ ప్రశ్న ఎదురైనప్పుడు నాకు సరైన జవాబు తోచలేదు. జవాబు మా ఇంటి వెనకాలే దొరికింది. ఆ వేసవిలో మా అమ్మ ఇండియా నుంచి వచ్చి మా దగ్గర ఉంది. ఒక సాయంత్రం చెత్తడబ్బా పక్కన మూతి పొడుగ్గా, తోక బోడిగా ఉన్న జంతువు ఒకటి కదిలింది. అమ్మ ఒక్క కేక పెట్టింది: "అమ్మో, ఎంత పందికొక్కో!" మావాడు నవ్వి, "అది పాసమ్, నానమ్మా" అన్నాడు. కాసేపటికి వాడే నా దగ్గరికి వచ్చి, "నానమ్మ ఏమంది? బాండికూట్ అందా?" అని అడిగాడు. వాడికి బాండికూట్ అంటే వీడియో గేమ్‌లో నారింజ రంగు బొమ్మ. అమ్మకి పందికొక్కు అంటే గాదె అడుగున బొరియ చేసే దొంగ. రెండూ ఒకే మాట అని చెబితే ఇద్దరూ నమ్మలేదు.

ఈ వ్యాసం ఆ మాట గురించే. తరగతిలో పిల్లలకు చెప్పడానికి వీలుగా, దాని చరిత్రను మొదటినుంచీ వరసగా రాస్తున్నాను. చివర్లో పాఠం ఎలా నడపవచ్చో కూడా ఉంది.

ఊళ్లో పందికొక్కు

మనలో పల్లెటూళ్లో పెరిగినవాళ్లకు పందికొక్కుని పరిచయం చెయ్యక్కర్లేదు. కానీ ఇప్పుడు మన బడికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో అపార్టుమెంట్లలో పెరిగినవాళ్లు. అందుకని చెబుతున్నాను. ఇది మామూలు ఎలుక కాదు. బాగా ఎదిగిన పెద్ద రకం పందికొక్కు తోక కాకుండానే అడుగు పొడుగు దాకా ఉంటుంది, కిలో దాకా తూగుతుంది. మొరటు వెంట్రుకలు, మొద్దు మూతి. నేలను తవ్వుతుంది, కోపం వస్తే పందిలా గుర్రుమంటుంది. పంది లాంటి కొక్కు కాబట్టి పందికొక్కు. 'కొక్కు' అన్నా మనకు ఈ పెద్ద ఎలుకే.

రైతుకు దీనితో తగాదా ఎందుకంటే, ఇది తిన్నదానికంటే దాచుకునేది ఎక్కువ. వరి పొలం గట్టులో సొరంగాలు తవ్వి, కంకులు కొరికి తీసుకుపోయి, లోపల అరల్లో పోగు పెడుతుంది. గట్టు గుల్లబారి నీళ్లు పోతాయి. ఇంటికొస్తే గాదె కింద, గోడ పునాది కింద తవ్వుతుంది. కోస్తాలో గాదె, పురి అన్నా, తెలంగాణలో గుమ్మి అన్నా, గరిసె అన్నా, పాతర అన్నా, ధాన్యం ఎక్కడుంటే అక్కడ పందికొక్కు భయం ఉంది. పంటను కాపాడటానికి ఎలుకలు పట్టడంలో నేర్పున్న యానాదులను రైతులు పిలిపించుకునేవారు. బొరియల జాడ తీయడం, ఏ కన్నంలో పొగ పెడితే ఏ కన్నంలోంచి బయటికొస్తుందో లెక్కగట్టడం వాళ్ల విద్య.

భాషలోకీ అలాగే వచ్చింది. విపరీతంగా తినేవాణ్ణి పందికొక్కులా మెక్కుతున్నాడంటాం. ప్రభుత్వ సొమ్ము తినేవాళ్లను పందికొక్కులు అని పత్రికలు రాస్తాయి. అంటే ఇది ఇంటి మాట, పొలం మాట, తిట్టు మాట. సభల్లో చెప్పుకునే మాట కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు మళ్లీ అవసరం పడుతుంది.

కంపెనీ వాళ్ల చెవిన పడటం

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వ్యాపార స్థావరం పెట్టింది 1611లో. అక్కడ కొనేది బట్టలు, అద్దకాలు. కొనాలంటే నేతగాళ్లతో, దళారులతో, దుబాసీలతో, బళ్లవాళ్లతో, వంటవాళ్లతో రోజూ పని. వాళ్లందరి నోటా ఉన్నది తెలుగు. తరవాత 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర అనుమతి తీసుకుని ఫ్రాన్సిస్ డే మద్రాసులో స్థలం సంపాదించాడు. అక్కడ ఫోర్ట్ సెయింట్ జార్జ్ కోట లేచింది. కోట చుట్టూ పెరిగిన ఊళ్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1766 నాటికి ఉత్తర సర్కారులు, అంటే గుంటూరు మినహా ఇప్పటి కోస్తా జిల్లాల్లో చాలా భాగం, కంపెనీ చేతికి వచ్చేశాయి.

అప్పట్లో ఇంగ్లీషువాళ్లు మనల్ని తెలుగువాళ్లు అనలేదు. 'జెంటూ' అన్నారు. పోర్చుగీసు వాళ్లు క్రైస్తవేతరుల్ని పిలిచే 'జెంటియో' అనే మాటని వీళ్లు అలా మార్చుకున్నారు. మద్రాసులో జెంటూ భాష అంటే తెలుగు. ఆ పేరు మనం పెట్టుకున్నది కాదు, మనకు పెట్టినది. ఇప్పుడది వాడుకలోంచి పోయింది. పందికొక్కు మాత్రం మన దగ్గర వాళ్లు నేర్చుకున్న మాట. అది పోలేదు.

ఎలా నేర్చుకుని ఉంటారో ఊహించడం కష్టం కాదు. కంపెనీకి గిడ్డంగులున్నాయి, గిడ్డంగుల్లో బియ్యం, బట్టల మూటలు ఉన్నాయి. మూట కొరికేసిన జంతువు ఏమిటని దొర అడిగితే, అక్కడ పనిచేసే మనిషి చెప్పిన మాట అదే అయ్యుంటుంది. దొరకి తన దేశంలో అంత పెద్ద ఎలుక లేదు, దానికి తన భాషలో పేరూ లేదు. విన్నదే వాడుకున్నాడు.

అచ్చులో ఈ మాట 1789లో కనబడుతుంది. హైదర్ అలీతో జరిగిన యుద్ధంలో కోరమాండల్ తీరంలో పనిచేసిన ఇన్స్ మన్రో అనే సైనికాధికారి తన అనుభవాల పుస్తకంలో బాండికూట్ల బాధ గురించి రాశాడు. ఒక చిక్కేమిటంటే, ఆయన దీన్నీ కంపు కొట్టే చుంచునీ ఒకటిగా కలిపేశాడు. మన ఊళ్లో ఏ పిల్లాడైనా పందికొక్కు వేరు, చుంచు వేరు అని చెప్పేవాడు. మాట దేశం దాటగానే అర్థం కొంచెం జారింది.

'ప' ఎందుకు 'బ' అయింది?

ఇది ఉపాధ్యాయులు తప్పకుండా చూడాల్సిన భాగం. పందికొక్కు బాండికూట్ అవడంలో మన తరగతి గది సమస్య ఒకటి దాక్కుని ఉంది.

ఇంగ్లీషులో మాట మొదట్లో వచ్చే 'ప' శబ్దానికి గాలి బలంగా తగులుతుంది. మూతి ముందు ఒక కాగితం ముక్క పట్టుకుని 'పిన్', 'పెన్' అని ఇంగ్లీషు పద్ధతిలో అనండి. కాగితం ఎగురుతుంది. అదే కాగితం పట్టుకుని 'పంది', 'పాలు', 'పిల్లి' అని తెలుగులో అనండి. కాగితం పెద్దగా కదలదు. గాలి లేని మన 'ప' ఇంగ్లీషు చెవికి 'బ' లాగా వినిపిస్తుంది. పంది కాస్తా బాండి అవడానికి ఇది ఒక మంచి వివరణ.

ఇప్పుడు మీ తరగతిలో పిల్లల్ని గమనించండి. ఇక్కడ పుట్టిన పిల్లల్లో కొందరు 'పాలు' అని చెప్పమంటే 'ఫాలు'కి దగ్గరగా అంటారు. డిక్టేషన్ చెబితే 'పండు' బదులు 'బండు' రాస్తారు. 'పంది'ని 'పండి' అంటారు, ఎందుకంటే మన 'ద' ఇంగ్లీషులో లేదు. 'కొక్కు'లో ఒత్తు వదిలేసి 'కొకు' అంటారు. మనం విసుక్కుంటాం, "ఎన్నిసార్లు చెప్పాలి?" అంటాం. కానీ వాళ్లు చేస్తున్నది రెండు వందల ఏళ్ల కింద మద్రాసు కోటలో ఇంగ్లీషువాళ్లు చేసిందే. చెవి ఏ భాషకి అలవాటు పడిందో ఆ భాష లెక్క ప్రకారం వింటోంది. అది బద్ధకం కాదు, తెలివి తక్కువా కాదు. కాగితం ముక్కతో ఐదు నిమిషాలు ఆడిస్తే వారాల డిక్టేషన్ చెయ్యలేని పని జరుగుతుంది.

మనమూ వాళ్ల మాటల్ని ఇలాగే మార్చుకున్నాం కదా. వాళ్ల మాట చివర హల్లు ఉంటే మనం ఉకారం తగిలించి బస్సు, రోడ్డు, లైటు, పెన్ను చేశాం. ఏ భాష అయినా వచ్చిన చుట్టానికి తన బట్టలే కట్టబెడుతుంది.

తెలుగే అని ఎలా తెలుసు?

పిల్లలు ఈ ప్రశ్న అడగకపోతే మీరే అడగండి. "ఇది తెలుగు మాటే అని రుజువేమిటి?"

మొదటి రుజువు చుట్టుపక్కల భాషల్లో ఉంది. ఇదే జంతువుని తమిళులు పెరుచ్చాళి అంటారు. కన్నడంలో హెగ్గణ. హిందీలో ఘూస్. బాండికూట్‌కి దగ్గరగా ఉన్న మాట తెలుగులోనిదే. రెండో రుజువు అర్థం. మన మాటలో పంది ఉంది, కొక్కు ఉంది, రెండూ కలిస్తే జంతువు స్వభావం తెలుస్తోంది. బాండికూట్‌ని ఇంగ్లీషులో విడదీస్తే ఏ అర్థమూ రాదు. మూడోది చోటు, కాలం. ఇంగ్లీషువాళ్లు తెలుగువాళ్ల మధ్య ఉన్న రోజుల్లో, వాళ్లున్న తీరంలో ఈ మాట వాళ్ల రాతల్లోకి వచ్చింది.

పండితులూ దీన్ని ఒప్పుకున్నారు. హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ కలిసి 1886లో వేసిన హాబ్సన్ జాబ్సన్ అనే ఆంగ్లో ఇండియన్ మాటల నిఘంటువు దీన్ని తెలుగు మాట అనే చెప్పింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు, అమెరికాలో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు కూడా తెలుగు అనే చెబుతున్నాయి. 1852లో వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు ఇంగ్లీషు నిఘంటువులో పందికొక్కుకి అర్థం చూస్తే బాండికూట్ అనే ఉంటుంది. అంటే అప్పటికే ఆ మాట ఇంగ్లీషులో ఎంత కుదురుకుందంటే, తల్లి ఎవరో చెప్పడానికి కూతురి పేరు సరిపోయింది.

శాస్త్రవేత్తలు ఈ జాతికి పెట్టిన లాటిన్ పేరు కూడా బాండికోటా. పెద్ద పందికొక్కు బాండికోటా ఇండికా, చిన్నది బాండికోటా బెంగాలెన్సిస్. ప్రపంచంలో ఏ దేశపు జంతుశాస్త్రవేత్త ఈ ఎలుక గురించి రాసినా, తనకు తెలియకుండానే ఒక తెలుగు మాట రాయాల్సిందే.

ఆస్ట్రేలియాకి ఓడ ప్రయాణం

ఇంగ్లాండు 1788లో సిడ్నీలో వలస స్థాపించింది. ఆ తొలి ఏళ్లలో అక్కడికి బియ్యం, పశువులు, బట్టలు ఇండియా నుంచి ఓడల్లో వెళ్లేవి. వస్తువులతో పాటు మాటలూ వెళ్లాయి. ఆ అడవుల్లో మూతి పొడుగ్గా ఉండి, నేలలో గుంటలు తవ్వుకుని పురుగులు తినే చిన్న జంతువు వాళ్లకు కనబడింది. చూడటానికి పెద్ద ఎలుకలా ఉంది. నావికుడు, అన్వేషకుడు జార్జ్ బాస్ 1799 నాటి రాతల్లో దాన్ని బాండికూట్ అన్నాడు.

నిజానికి అది ఎలుక కాదు. కంగారూలాగా కడుపు సంచిలో పిల్లల్ని పెంచే జాతి. దీని సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా. మన పందికొక్కుకీ దీనికీ చుట్టరికం లేదు, పోలిక మాత్రమే. అయినా పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు ప్రపంచంలో బాండికూట్ అంటే ముందు ఆ ఆస్ట్రేలియా జంతువే గుర్తొస్తుంది. మన పందికొక్కుని చెప్పాలంటే ఇంగ్లీషులో 'బాండికూట్ రాట్' అని తోక తగిలించాలి. ఇంటి అసలు వారసుడు అద్దెకున్నవాడిలా అయ్యాడు.

ఆస్ట్రేలియాలో ఇది రోజువారీ మాట కూడా అయింది. బోడితలవాణ్ణి, దిగులుగా ఉన్నవాణ్ణి బాండికూట్‌తో పోల్చే సామెతలు అక్కడ ఉన్నాయి. 'బాండికూట్ చెయ్యడం' అనే క్రియ కూడా ఉంది. బంగాళాదుంపల చేలో పైన మొక్క కదలకుండా, కిందనుంచి దుంపలు మాత్రం దొంగిలించడం అని దాని అర్థం. చూడండి, మన రైతు తిట్టిన దొంగబుద్ధి ఖండాలు దాటి కూడా మాటని వదల్లేదు.

ఇంకో సంగతి పిల్లలకు బాగా నచ్చుతుంది. ఆస్ట్రేలియాలో ఒక రకం బాండికూట్ కాళ్లు చిన్న పంది గిట్టల్లా ఉండేవి. దాన్ని ఇంగ్లీషులో 'పంది కాళ్ల బాండికూట్' అన్నారు. పేరులో మొదటే పంది ఉందని వాళ్లకు తెలియదు. తెలుగులో చదివితే అది 'పంది కాళ్ల పందికొక్కు'. పాపం, ఆ జాతి ఇరవయ్యో శతాబ్దంలో అంతరించిపోయింది.

అమెరికాకి ఇలా వచ్చింది

అమెరికా పిల్లలకు ఈ మాట చేరింది 1996లో. కాలిఫోర్నియాలో నాటీ డాగ్ అనే చిన్న సంస్థ నడిపిన ఆండీ గావిన్, జేసన్ రూబిన్ సోనీ ప్లేస్టేషన్ కోసం ఒక గేమ్ చేస్తున్నారు. పెద్దగా ఎవరికీ తెలియని ఆస్ట్రేలియా జంతువు ఒకటి కథానాయకుడిగా కావాలనుకున్నారు. తయారీలో ఉన్నంతకాలం దాని పేరు విల్లీ ద వాంబాట్. బయటికి వచ్చేటప్పటికి క్రాష్ బాండికూట్ అయింది. పెట్టెలు పగలగొడుతూ పరిగెత్తే ఆ నారింజ రంగు జంతువు ఒక తరం పిల్లల్ని తెరకి కట్టిపడేసింది. 2017లో మొదటి మూడు గేములు కొత్త హంగులతో మళ్లీ వచ్చాయి. అందుకే ఇప్పటి పిల్లలకూ తెలుసు.

ఆ 1996 ప్రాంతమే మనవాళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి ఇక్కడికి పెద్ద ఎత్తున రావడం మొదలుపెట్టిన కాలం. వైటూకే పనుల మీద వచ్చి అపార్టుమెంటులో నలుగురు కలిసి ఉన్న రోజులు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. ఆ గదిలోనే ప్లేస్టేషన్ ఉంటే, తెరమీద పందికొక్కు అని రాసి ఉందని ఎవరికి తట్టి ఉంటుంది?

స్పెల్లింగ్ బీ సంగతి కూడా చెప్పుకోవాలి. 1985లో బాలు నటరాజన్ గెలిచిన దగ్గరనుంచి ఆ పోటీ మన దేశపు కుటుంబాల్లో పండగలాంటిది. వేదిక మీద నిలబడ్డ పిల్లలు మాట ఏ భాషనుంచి వచ్చిందని అడగవచ్చు. ఆ పోటీకి ప్రమాణం మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువే. ఎప్పుడైనా అక్కడ బాండికూట్ అని మాట ఇస్తే, పిల్ల అడిగిన ప్రశ్నకి వచ్చే జవాబు ఒక్కటే: తెలుగు.

గొప్పలు చెప్పేముందు

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇలాంటి పాఠం చెప్పాక మనకు ఊపు వస్తుంది. ఇంగ్లీషు మాటలన్నిటికీ తెలుగు మూలం కనబడటం మొదలవుతుంది. పిల్లలు ఫోనులో ఒక్క నిమిషంలో సరిచూసుకోగలరు. ఒక్కసారి మనం తప్పు చెప్పి దొరికిపోతే, ఆ తరవాత నన్నయ గురించి చెప్పినా నమ్మరు. కాబట్టి మాటల్ని మూడు రకాలుగా చెప్పండి.

మొదటిది ఖాయమైనవి. బాండికూట్ ఆ రకం.

రెండోది కావచ్చు అనేవి. గోదాముని ఇంగ్లీషులో గోడౌన్ అంటారు. హాబ్సన్ జాబ్సన్ వాళ్లు దానికి మూలం మన గిడ్డంగి కావచ్చన్నారు. కానీ ఆ మాట ఇంగ్లీషుకి చేరింది మలయ్ భాష ద్వారా అని, దాని వెనకాల తెలుగో తమిళమో ఉండవచ్చని నిఘంటువులు చెబుతాయి. మాంగూస్ కూడా అంతే. ఇంగ్లీషుకి అది మరాఠీ నుంచి వచ్చింది. మరాఠీ మాటకీ మన ముంగిసకీ చుట్టరికం కనబడుతోంది. ఇలాంటివి చెప్పేటప్పుడు 'కావచ్చు' అన్న మాట మింగెయ్యకండి.

మూడోది తప్పు అని తేలినవి. ఆస్ట్రేలియాలో బెండిగో అనే బంగారు గనుల ఊరు ఉంది. 1903లో వచ్చిన హాబ్సన్ జాబ్సన్ రెండో కూర్పు, ఆ ఊరి పేరు కూడా బాండికూట్ నుంచే వచ్చిందని చేర్చింది. కాదు. బెండిగో అనేది విలియం థాంప్సన్ అనే ఇంగ్లీషు ముష్టియోధుడి ముద్దుపేరు, ఆయన్ని బట్టి అక్కడి ఒక పశువుల కాపరికి ఆ పేరు పడింది, కాపరిని బట్టి ఊరికి వచ్చింది. పెద్ద పండితుల పుస్తకమే పొరపాటు పడింది. మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి?

పాసమ్ చెప్పే పాఠం

ఇప్పుడు మళ్లీ మా పెరటి దగ్గరికి వద్దాం. మా అమ్మ పాసమ్‌ని చూసి పందికొక్కు అంది. జార్జ్ బాస్ చేసింది అదే. తెలియని జంతువుకి తెలిసిన పేరు పెట్టడం వలస వెళ్లిన ప్రతివాళ్లూ చేస్తారు. ఇంగ్లాండు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడి ఎర్ర రొమ్ము పిట్టని రాబిన్ అన్నారు, బైసన్‌ని బఫెలో అన్నారు. పైగా మెక్సికోకి ఉత్తరాన సంచిలో పిల్లల్ని పెంచే జంతువు పాసమ్ ఒక్కటే. అంటే ఆస్ట్రేలియా బాండికూట్‌కి మా అమ్మ చూసిన జంతువు, మన పందికొక్కు కంటే దగ్గర బంధువు.

ఆ పాసమ్ అన్న మాటకీ ఒక చరిత్ర ఉంది. ఇంగ్లీషువాళ్లు వర్జీనియాలో జేమ్స్‌టౌన్ కట్టింది 1607లో, మచిలీపట్నంలో దిగడానికి నాలుగేళ్ల ముందు. అక్కడ ఉన్న పౌహటన్ ప్రజల దగ్గర వాళ్లు నేర్చుకున్న మాటలే ఒపోసమ్, రకూన్, పర్సిమన్, హికరీ. ఇవన్నీ అమెరికన్లు రోజూ వాడతారు. కానీ పౌహటన్ భాష ఇంట్లో మాట్లాడుకునేవాళ్లు పద్దెనిమిదో శతాబ్దం చివరికే లేకుండా పోయారు. ఆ ప్రజల వారసులు ఇప్పటికీ వర్జీనియాలో ఉన్నారు. వాళ్ల పూర్వీకుల భాష గురించి ఈరోజు తెలుసుకోవాలంటే ముఖ్య ఆధారం జాన్ స్మిత్, విలియం స్ట్రేచీ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు రాసుకున్న మాటల పట్టికలు.

ఇది మనం నిదానంగా ఆలోచించాల్సిన విషయం. ఇంగ్లీషులోకి మనం ఒకటో రెండో మాటలు ఇస్తే, పౌహటన్ భాష చాలానే ఇచ్చింది. అయినా అది బతకలేదు. ఇంకో భాష నిఘంటువులో చోటు దొరికినంత మాత్రాన ఏ భాషా నిలవదు. ఇంట్లో అమ్మా నాన్నా పిల్లలతో మాట్లాడితే నిలుస్తుంది. వాళ్ల మీద యుద్ధాలు, రోగాలు, నేల పోగొట్టుకోవడం వచ్చిపడ్డాయి. మనకు అలాంటి కష్టం ఏదీ లేదు. అక్కడ కోట్లమంది మాట్లాడుతున్న భాష మనది. ఇక్కడ మన ఇంట్లో అది ఆగిపోతే కారణం మనమే, మన తీరిక లేకపోవడమే.

కాబట్టి పిల్లవాడు "ఇంగ్లీషు మన మాటలు తీసుకుందా?" అని అడిగితే, "అవును, ఇదిగో" అని సంతోషంగా చెప్పండి. ఆ తరవాత, మన భాష విలువ దానిమీద ఆధారపడి లేదని కూడా చెప్పండి.

"ఇంకో మాట దొరకలేదా?"

ఈ పాఠం మొదటిసారి చెప్పాక ఒక తల్లి నాతో కొంచెం నొచ్చుకున్నట్టుగా అన్నారు. "అంత గొప్ప భాష కదండీ. చెప్పుకోడానికి పందికొక్కేనా దొరికింది?" ఆవిడ బాధ నాకు అర్థమైంది. కావ్యాలున్నాయి, కీర్తనలున్నాయి, శాసనాలున్నాయి. దేశం దాటి వెళ్లింది మాత్రం గాదె కింద ఎలుక.

కానీ ఆలోచించండి. ఆ మాటని ఇంగ్లీషువాడి చెవిలో వేసింది బహుశా పండితుడు కాదు. గిడ్డంగి కాపలాదారో, వంటమనిషో, బండివాడో అయ్యుంటాడు. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన ఇంట్లో నేర్చుకున్న మాట, పనిలో వాడిన మాట ఈరోజు లాటిన్ పేర్లలో ఉంది. మన పిల్లలకు కూడా ముందు వచ్చేది ఇలాంటి తెలుగే. అన్నం, పప్పు, రా, పో, చూడు, అమ్మో, అబ్బా. దాన్ని వంటింటి తెలుగు అని మనమే చిన్నచూపు చూస్తాం, పద్యం రాకపోతే తెలుగు రానట్టే లెక్కగడతాం. పద్యం తప్పకుండా నేర్పుదాం. దానికి పునాది మాత్రం ఆ వంటింటి తెలుగే.

తరగతిలో ఇలా చెప్పవచ్చు

నలభై ఐదు నిమిషాల పాఠానికి ఇది సరిపోతుంది. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకైతే బాగుంటుంది.

ముందు బొమ్మలు చూపించండి: పందికొక్కు, ఆస్ట్రేలియా బాండికూట్, క్రాష్ బొమ్మ. మూడింటికీ ఒకే పేరు ఎలా వచ్చిందో ఊహించమనండి. జవాబు వెంటనే చెప్పకండి.

తరవాత బోర్డు మీద 'పంది', 'కొక్కు' విడివిడిగా రాసి కలపండి. ముందు వరస పిల్లలకైతే ఇదే చదివే అభ్యాసం. ద్విత్వాక్షరం వచ్చినవాళ్లతో 'క్కు' పలికించండి.

కాగితం ముక్క ఆట ఆడించండి. ప, బ తేడా చెవికి పట్టేదాకా జంటలుగా చేయించండి: పండు బండి, పాట బాట, పడి బడి.

ప్రపంచ పటంలో మచిలీపట్నం, చెన్నై, సిడ్నీ, కాలిఫోర్నియా చూపించి దారం కట్టించండి. మాట నడిచిన దారి కళ్లకు కడుతుంది.

ఇంటిపని: తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగాలి. పందికొక్కుని చూశారా? మీ ఊళ్లో ధాన్యం దేంట్లో దాచేవారు, దాన్ని ఏమనేవారు? దాన్ని ఎలా పట్టేవారు? జవాబులు తెలుగులో, వచ్చినంతవరకే, రాసుకు రావాలి. తప్పులు దిద్దేముందు చదివించండి. గుమ్మి, గరిసె, పురి అంటూ జిల్లాకో మాట వస్తుంది. ఏది సరైన తెలుగు అనే తగవు పెట్టకండి, అన్నీ బోర్డు మీద రాయండి.

ఒక జాగ్రత్త. పందికొక్కులా తింటున్నావనే మాట వాడుకలో ఉందని పెద్ద పిల్లలకు చెప్పవచ్చు. తరగతిలో ఏ పిల్లనీ, ఏ పిల్లాణ్ణీ దానితో వేళాకోళం చెయ్యనివ్వకండి. తిండి మీద, ఒంటి మీద పడ్డ మాట పిల్లలు చాలాకాలం మరిచిపోరు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఆ ఫోను మీరు మధ్యలో అందుకోకండి. పిల్లవాడు తడుముకుంటాడు, అవతల తాతయ్యకి సగమే అర్థమవుతుంది, మీకు చెయ్యి దురద పెడుతుంది. ఓపిక పట్టండి. మావాడు ఇదే ఇంటిపని చేసిన రోజు మా అమ్మ నలభై నిమిషాలు మాట్లాడింది. చిన్నప్పుడు వాళ్ల నాన్న గాదె చుట్టూ గాజుపెంకులు, మట్టి కలిపి ఎలా మెత్తేవాడో చెప్పింది. ఆ సంగతి నాకు అంతవరకూ తెలియదు. నేను ఎప్పుడూ అడగలేదు మరి.